లోపం కనబడకపోతే లేనట్టేనా?

వాడిన పొక్లెయిన్‌ను కొనేముందు పరిశీలించడమంటే ప్రమాణశాస్త్రపు మూలప్రశ్నను యార్డులో నిలబడి ఎదుర్కోవడమే: ఒక సంగతి తెలిసిందని ఎప్పుడు అనవచ్చు? పిస్టన్ రింగుల అరుగుదల, హైడ్రాలిక్ పంపు లోపలి గీతలు, బూమ్ వెల్డింగుల్లోని సన్నని పగుళ్లు కంటికి అందవు. కొనేవాడికి దొరికేవి కొన్ని గుర్తులు, కొందరి మాటలు, కొన్ని లేములు. ఈ మూడింటి బలాబలాలను న్యాయ, మీమాంసా దర్శనాలు నిశితంగా తూచాయి.

గుర్తుల విషయంలో ఇబ్బంది తక్కువ. కొండమీద పొగను చూసి నిప్పుందని గ్రహించడం అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారందరికీ తెలిసిన ఉదాహరణే. బండి సైలెన్సర్ దగ్గర ఆ పొగ మూడు రంగుల్లో వస్తుంది. నీలిపొగ ఇంజనాయిలు మండుతోందని చెబుతుంది. తెల్లపొగ మండని డీజిలుకో, సిలిండరులో చేరిన కూలెంటుకో గుర్తు. నల్లపొగ వస్తే డీజిలుకు తగిన గాలి అందడం లేదు. అయితే నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనడం తప్పని, తడి కట్టె తోడైతేనే పొగ వస్తుందని, అలాంటి చాటు షరతును ఉపాధి అంటారని తార్కికులు హెచ్చరించారు. నల్లపొగ చూడగానే ఇంజను పోయిందని తేల్చేవారు ఈ ఉపాధినే మరుస్తారు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా అదే పొగ వస్తుంది. ఫిల్టరు మార్చాక కూడా పొగ తగ్గకపోతేనే ఇంజెక్టర్ల మీదికో, టర్బో మీదికో దృష్టి పోవాలి.

అసలు చిక్కు లేమితో వస్తుంది. ఆయిలు కారడం కనబడలేదు కనుక లీకేజీ లేదనవచ్చా? లేమిని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణం ఉందని మీమాంసకుల్లో కుమారిలభట్టు సంప్రదాయం చెప్పింది. నైయాయికులు దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోలేదు. కానీ ఒక నియమంలో ఇద్దరిదీ ఒకే మాట: వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉన్నప్పుడే, కనబడకపోవడం లేమికి సాక్ష్యమవుతుంది. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు. పాత బండ్ల వ్యాపారంలో ఇంతకన్నా పనికొచ్చే సూత్రం దొరకదు. అమ్మకానికి ముందు బండిని ప్రెషర్ వాటర్‌తో కడిగి, కొత్త రంగు కొట్టిస్తే ఆయిలు జాడలు పోతాయి, పగుళ్లమీద వేసిన వెల్డింగు అతుకులు మూసుకుపోతాయి. ఆ మెరుపులో లోపం కనబడకపోవడానికి విలువే లేదు. నిన్నగాక మొన్న ఆయిలు మార్చి ఉంటే ల్యాబు పరీక్షలో ఇనుము, రాగి రేణువులు తక్కువగా రావడం కూడా అలాంటిదే. దుమ్ము పట్టి ఉన్న బండే నిజానికి ఎక్కువ చెబుతుంది.

కాబట్టి పరిశీలనలో సగం పని లోపం కనబడే పరిస్థితిని కల్పించడమే. ఇంజను ముందే వేడెక్కి ఉంటే స్టార్టింగు కష్టం బయటపడదు. అందుకే తాళం తిప్పేముందు ఇంజను చల్లగా ఉందో లేదో చూడాలి. అరిగిన పంపు చల్లని ఆయిలుతో బాగానే లాగుతుంది, ఆయిలు వేడెక్కాక నెమ్మదిస్తుంది. పది నిమిషాలు బకెట్ ఆడించి చూడటం దీనికి చాలదు, గట్టి నేలలో తవ్వించాలి. బూమ్ ఎత్తి, కింద ఎవరూ లేకుండా చూసుకుని ఇంజను ఆపితే, సిలిండర్ల సీళ్లు వదులైనప్పుడు అది మెల్లగా దిగుతుంది. బకెట్‌ను నేలకు ఆనించి ఆర్మ్‌ను కదిపితే పిన్నులు, బుష్షులు ఎంత ఆడుతున్నాయో తెలుస్తుంది. చైను, రోలర్లు, స్ప్రాకెట్ పళ్లు మాత్రం దాచడానికి వీలుకానివి. ఖర్చులో పెద్ద వాటా వాటిదే అయినా, చాలామంది బానెట్ దగ్గరే ఆగిపోతారు.

ఇక మాటలు. అవర్ మీటర్ కూడా ఒక మాటే, మార్చడానికి వీలున్న మాట. అది చూపే గంటలకూ పెడళ్ల అరుగుదలకూ పొంతన లేకపోతే పెడళ్లనే నమ్మాలి. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడని న్యాయభాష్యంలో వాత్స్యాయనుడు నిర్వచించి, ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. యజమానికి సంగతి తెలిసినా చెప్పాలనే కోరిక ఉండకపోవచ్చు. మధ్యవర్తికి ఒక్కోసారి రెండూ ఉండవు. ఆ బండిని ఏళ్లతరబడి నడిపిన ఆపరేటరుకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అమ్మకంలో లాభం లేనివాడైతే ఆప్తుడికి దగ్గరగా వచ్చేది అతనే. అయినా అతన్ని అడిగేవారు అరుదు.

బాధకం, అంటే తప్పని తేల్చే ఆధారం, కనబడేదాకా జ్ఞానం దానంతటదే ప్రమాణమని మీమాంసకులంటారు. దాన్ని నమ్మి చేసిన పని ఫలిస్తేనే ప్రామాణ్యం తేలుతుందని నైయాయికులంటారు. నిత్యజీవితానికి మొదటిదే నయం. ప్రతి మాటనూ శంకిస్తే అడుగు ముందుకు పడదు. అమ్మేవాడికి దాచే కారణం, దాచే సాధనం రెండూ ఉన్న యార్డులో మాత్రం రెండో పక్షానిదే పైచేయి. కానీ నికరమైన ఫలం తెలిసేది డబ్బు చెల్లించి, బండిని పనిలో పెట్టాకనే. శంకకూ ఒక హద్దుందని, మనిషి చేసే పనికే అది విరుద్ధమైనప్పుడు ఆగక తప్పదని ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో చెప్పాడు. ఇంజను మొత్తం విప్పి చూపమంటే ఏ యజమానీ ఒప్పుకోడు, విప్పించాకే కొంటాననేవాడు ఏ బండీ కొనలేడు. విప్పకుండా తేలని శంకలను పంపు ఓవర్‌హాలింగ్, చైను మార్పిడి లాంటి ఖర్చులుగా లెక్కగట్టి, బేరంలో ధర నుంచి తగ్గించడమే మిగిలిన దారి.