ఈ పాట ఎవరిది?



కొన్ని సంవత్సరముల క్రిందట పుంగనూరు కూటముల కొరకు నేనొక చిన్న పాటల పుస్తకము అచ్చు వేయించి, వెలకు అమ్మించితిని. అందులోని ఒక పాట కుప్పము దగ్గర పల్లెలో కాపురమున్న వృద్ధ ఉపాధ్యాయుడొకరు వ్రాసినది. ఆయనను అడుగలేదు, పేరును వేయలేదు. దేవుని కొరకు వ్రాసిన పాటకు మనుష్యుల హక్కేమిటని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిని. ఇట్టి సమాధానములు బోధకులకు త్వరగానే దొరకును.

గ్రంథస్వామ్యమనగా నేమో అప్పుడు నేను విచారింపలేదు. 1957వ సంవత్సరపు మన దేశ చట్టము కర్త తలంపునకు కంచె వేయదు. ఆ తలంపును ఎవరైనను గ్రహించి తమ మాటలలో చెప్పవచ్చును. కర్త కూర్చిన మాటల కూర్పు మాత్రము ఆయనది. దానిని అచ్చు వేయుటకును, వేరొక భాషలోనికి మార్చుటకును ఆయన సెలవు కావలెను. రిజిస్టరు చేయింపకున్నను ఈ హక్కు పోదు. రుసుము లేని సభలో మనబోటివారు కూడి పాడుకొనుటకు చట్టము అడ్డు రాదు. వేయి ప్రతులు అచ్చొత్తించి అమ్ముట వేరు సంగతి.

ఈ హక్కు శాశ్వతమైనదియు కాదు. మదనపల్లెవారికి దీనికి ఇంటి దృష్టాంతమే కలదు. 1919లో రవీంద్రనాథ ఠాగూరుగారు అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, తమ జనగణమన గీతమును తామే ఇంగ్లీషులోనికి మార్చిరి. ప్రిన్సిపాలు భార్యయైన మార్గరెట్ కజిన్సుగారు దానికి స్వరములు వ్రాసిరి. ఠాగూరుగారు 1941లో గతించిరి. కర్త మరణానంతరము 50 సంవత్సరములని యున్న గడువు ఆయన విషయమున 1991తో ముగియబోవుచుండగా, దానిని 60కి పెంచిరి. 2001తో అదియు తీరెను. నేడు ఆయన రచనలను ఎవరైనను అచ్చు వేయవచ్చును. అయినను ఆ గీతము మరియొకరిది కాలేదు.

చట్టములో నన్ను గ్రుచ్చిన భాగము వేరొకటి. హక్కులు అమ్ముకొన్న కర్త సహితము, ఇది నా రచనయని చెప్పుకొనవచ్చును. తన గౌరవమునకు భంగము కలుగునట్లు దానిని వికృతపరచినయెడల అభ్యంతరము చెప్పవచ్చును.

రెండవ ముద్రణకు ముందు కుప్పము వెళ్లితిని. కొంత సొమ్ము కవరులో పెట్టి యిచ్చితిని. ఆయన దానిని ప్రక్కన పెట్టి, కండ్లజోడు తగిలించుకొని, మూడవ చరణము మీద వ్రేలుంచి, "అయ్యగారూ, నేను కయ్య అని వ్రాసితిని గదా! మీరు క్షేత్రమని వేసినారేమి?" అనెను.

"గంభీరముగా నుండునని మార్చితిని, అయ్యవారూ."

"మావాండ్లు కయ్యలో విత్తుదురు. క్షేత్రములో విత్తినవాడు ఈ పల్లెలో లేడు."

నా పెన్సిలు అడిగి తీసికొని ఆ మాటను కొట్టివేసి, పైన తన మాట వ్రాసెను. పిమ్మట మొదటి పుటనుండి పుస్తకము త్రిప్పుచు, తక్కిన పాటలు ఒక్కొక్కటి ఎవరివని అడుగసాగెను. పదునొకండింటికి నేను జవాబు చెప్పలేకపోతిని.