ఆచార్యుని ఎంపిక

లాలాగూడ రైల్వే క్వార్టర్సులనుండి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోయి చదువుకొన్న యువకునికి డాక్టరేటు పరిశోధనకై రెండు ఆహ్వానములు వచ్చినచో, ఇంట సంతోషముతోపాటు చిక్కు కూడ ప్రవేశించును. ఒకటి అమెరికాలోని సుప్రసిద్ధ విశ్వవిద్యాలయమునుండి. రెండవది అక్కడనే అంత పేరు లేని చోటినుండి. కాని ఎవరి రచనలు చదివి అతనికి ఆ శాస్త్రముపై మక్కువ కలిగెనో, ఆ ఆచార్యుడు అచ్చటనే యున్నాడు. బంధువులు మొదటిదానినే మెచ్చుదురు. నలుగురిలో చెప్పుకొనుటకు అది సులభము గదా!

శ్రీరామానుజులు కాంచీపురమున యాదవప్రకాశులకడ చదివిరి. ఆ గురువు కీర్తికి లోటు లేదు. అయినను అర్థనిర్ణయమున మనస్సు కలియక విడిపోయిరి. పిమ్మట తిరుక్కోట్టియూర్ నంబి యొక్కరికొరకు శ్రీరంగమునుండి 18 మారులు వెళ్ళిరని గురుపరంపర చెప్పును. ఆ ఊరు గొప్పదని కాదు. పరిశోధన ఐదారేండ్లు సాగును. అంతకాలము తప్పులు దిద్దువాడు ఆచార్యుడే గాని ద్వారముపైని పేరు కాదు. ఆయన పూర్వశిష్యులను అడిగి తెలిసికొనుట మేలు. విద్యార్థివేతన మెంతయని విచారించుటయు దోషము కాదు, పొట్ట గడవవలెను.

ఇంకొక ధర్మము కలదు; దీనిని పెద్దలు కూడ మరచుచుందురు. అమెరికాలో పెక్కు విశ్వవిద్యాలయములు వేతనముతో కూడిన ఆహ్వానమునకు ఏప్రిల్ 15 వరకు గడువిచ్చుచున్నవి. అది ఆలోచించుకొనుటకే గాని, నిశ్చయమైన పిదప కూడ రెండును గుప్పిట పట్టుకొని కూర్చుండుటకు కాదు. నిశ్చయించిన నాడే రెండవచోటికి కృతజ్ఞతతో జాబు వ్రాయవలెను. ఆ స్థానము కొరకు వేరొక యింట మరియొక బిడ్డ ఎదురుచూచుచుండును.