పాత పడవ వెల



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమ మెట్టభూముల సీమ. వానకొరకు ఆకాశమువైపు చూచు రైతులకు పడవ బేరమును గూర్చి చెప్పుట ఎందుకని మీరు అడుగవచ్చును. అయితే ఈ మెట్టసీమ అంచును ఒరసికొనియే కృష్ణానది పారుచున్నది. మఖ్తల్ వైపున పంచదేవ్‌పహాడ్ నుండి కురవపురమునకు యాత్రికులు తరతరములుగా పుట్టిలోనే దాటుచు వచ్చిరి. శ్రీశైలము, నాగార్జునసాగరము ఆనకట్టలు నిలిచిన తరువాత నది మరింత వెడల్పై, సోమశిల మొదలుకొని క్రిందివరకు ఎన్నో గ్రామములకు పడవ బ్రదుకుతెరువైనది. కాబట్టి ఈ ప్రశ్న మనది కాదనలేము.

ఒక జాలరియొద్ద పాత కొయ్యపడవ కలదనుకొనుడు. 15 ఏండ్లు దానివలననే ఆ యిల్లు నడిచినది. ఇప్పుడు కుమార్తె పెండ్లి దగ్గరపడినది; అప్పిచ్చినవాడు గుమ్మములో కూర్చున్నాడు. పడవను బాగుచేయించు శక్తి లేక అమ్మదలచెను. పైపలకల బీటలు అందరికిని కనబడును. అడుగున రెండు పలకలు పుచ్చిపోయినవనియు, సందులలో పీచు కుక్కి తారు పూసినందుననే నీరు ఆగుచున్నదనియు అతడొక్కడే ఎరుగును. కొనవచ్చినవాడు చుట్టు తిరిగి చూచి వెల అడిగెనే గాని అడుగుభాగమును గూర్చి అడుగలేదు. అడుగనిదానికి ఉత్తరము చెప్పు బాధ్యత అమ్మువానికి కలదా?

చట్టమేమి చెప్పునో ముందు వినుడు. 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టము, 17వ సెక్షనులో, ఒక గుర్రపు ఉదాహరణమున్నది. లోపమున్న గుర్రమును ఒకడు వేలములో అమ్మి, ఆ లోపము తెలిసియు ఊరకుండెను. అది మోసము కాదని చట్టము చెప్పుచున్నది. అయితే కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని సొంత కుమార్తెయైనచో, లోపమును తెలుపుట అతని విధి. కాదనకున్నచో మంచి గుర్రమనియే తలంతునని కొనువాడు ముందుగా చెప్పియుండగా అమ్మువాడు ఊరకున్నయెడల, ఆ మౌనము మాటతో సమానము.

చట్టమును మనము తూలనాడరాదు. ప్రతి సంతబేరమును న్యాయస్థానమునకు ఈడ్చలేము గదా. అయినను ఆ ఉదాహరణము మనలను ఒక ప్రశ్నయెదుట నిలుపుచున్నది. కుమార్తెకు చెప్పవలసినది పరాయివానికి ఎందుకు చెప్పనక్కరలేదు? నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడొకడు మన ప్రభువును అడిగినది ఇట్టి గీత ఎక్కడ గీయవలెనో తెలిసికొనుటకే. ప్రభువు గీత గీయలేదు; దారిప్రక్కన పడియున్న మనుష్యుని చూపించెను.

కంటికి కనబడు బీటను వేరుగా చెప్పనక్కరలేదు. పాతదానిని పాతదిగానే, ఉన్నది ఉన్నట్లుగా అమ్ముట తప్పు కాదు. అయితే ఉన్నది ఉన్నట్లు అనుమాట నిజము కావలెనన్న, ఉన్నదేమిటో కొనువానికి తెలియవలెను. పుచ్చును దాచి రాబట్టిన అధికపు రూపాయలు పడవ వెల కావు. కొనువాని తెలియనితనపు వెల.

దాచుట మరియొక రీతిగా కూడ జరుగును. ఇంగ్లండు దేశపు గణితశాస్త్రజ్ఞుడు విలియం కింగ్డన్ క్లిఫర్డ్ 1877లో ప్రకటించిన వ్యాసములో ఒక ఓడ యజమానుని ఊహించి చెప్పెను. అతని ఓడ పాతది, పలుమార్లు మరమ్మతైనది. వలసపోవు కుటుంబములతో అది బయలుదేరవలసియుండగా అతనికి సందేహము కలిగెను. పరీక్ష చేయించిన ఖర్చగును గనుక, ఇన్ని ప్రయాణములు చేసిన ఓడకు ఇప్పుడేమగునని తన్ను తాను నమ్మించుకొని, దైవము కాపాడునని నిశ్చింతగా పంపెను. ఓడ మునిగెను, అతడు భీమా సొమ్ము పుచ్చుకొనెను. ఓడ క్షేమముగా చేరియున్నను అతని దోషము తగ్గదని క్లిఫర్డ్ తీర్పు. క్లిఫర్డ్ మన విశ్వాసమునకు మిత్రుడు కాడు. అయినను ఈ మాట మనము తల వంచి వినవలసినది. పలకను తట్టి చూడక దేవునిపై భారము వేయుట విశ్వాసము కాదు. తారుపూతవలె లోపమును కప్పుటయే.

ఎద్దు బేరములో దాచిన లోపము ముఖ్యముగా కొనినవానికే నష్టము తెచ్చును. పడవ సంగతి వేరు. బేరము ఆడనివారు, వెల తెలియనివారు, తల్లులు, పసిపిల్లలు అందులో కూర్చుందురు. 2007 జనవరిలో కొల్లాపురము ప్రాంతపు మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అనేకులు చనిపోయిరి. ఎవరిపైనను నింద మోపుటకు దీనిని చెప్పుటలేదు. నీటిమీద జరుగు పొరపాటు ఎంతమంది ఇండ్లను తాకునో జ్ఞాపకము చేయుటకే.

ఇక్కడ కఠినమైన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. అమ్మువాడు సమస్తము చెప్పెను. కొనువాడు నవ్వి, మరమ్మతు తరువాత చూచుకొందును, రేపటినుండే మనుష్యులను ఎక్కించెదననెను. చెప్పినంతమాత్రమున అమ్మువాని విధి తీరినదా? తీరలేదని నా అభిప్రాయము. కొనువాడు తన ప్రాణమునకు ఒప్పుకొనవచ్చును. ఇతరుల ప్రాణములకు ఒప్పుకొను అధికారము అతనికి లేదు. అట్టివానికి అమ్ముటకంటె పడవను విప్పి కొయ్యగా అమ్ముట మేలు, వెల సగమైనను.

సగము వెల అని వ్రాయుట సులువు. గుమ్మములో అప్పువాడున్న యింట అది సులువు కాదు. కాబట్టి కొనువారితోను ఒక మాట. కొనునప్పుడు చెడ్డది చెడ్డదని చెప్పి, వెళ్లిన తరువాత అతిశయపడువానిని సామెతల గ్రంథకర్త ఎరుగును. నిజము చెప్పినవాని లోపమును ఆసరా చేసికొని న్యాయమైన వెలకు దిగువకు అణగద్రొక్కువాడు, రాబోవు బేరములో అతనికి అబద్ధము నేర్పుచున్నాడు. ఇరుగుపొరుగువారమైన మనమును, నిజము చెప్పి నష్టపడిన యింటి పెండ్లికి బియ్యమో, కొంత గడువో, చేబదులో ఇయ్యగలిగితిమేని, సత్యమును గూర్చి మనమాడు మాటకు బలము కలుగును.

చదువరీ, నీయొద్ద అమ్మవలసిన పడవ లేకపోవచ్చును. ఎద్దు, మోటారు, ఇల్లు, చెలక ఉండవచ్చును. బేరము కుదుర్చుకొనకముందు నిన్ను నీవు ఒక్క ప్రశ్న అడుగుము: నాకు తెలిసినది ఇతనికిని తెలిసియున్నచో ఈ వెల ఇచ్చునా? ఇయ్యడని నీ మనస్సు చెప్పినయెడల, చేయి కలుపకముందే నోరు తెరువుము.