తృణీకారము

కర్ణాటక సరిహద్దును ఆనుకొని, బెంగుళూరు–హోసూరు మార్గమున ఉన్న జూజువాడిలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే అంగడి ముంగిట వినబడును. వీటి నడుమ ఇంగ్లీషు తిట్టొకటి దొర్లినచో, పరాయి మాట గనుక గాయము తక్కువని పలువురు తలచెదరు. ఆ మాటల పుట్టుక చూచినచో ఈ భ్రమ తొలగును.

ఎత్తిపొడుపునకు ఇంగ్లీషువారి మాట 'సార్కాజం'. దాని మూలమైన గ్రీకు పదమునకు మాంసమును చీల్చుట అని అర్థము. దుర్మార్గుని 'విలన్' అందురు; లాటిన్ మూలములో ఆతడు పొలము పనులు చేసెడి పాలేరు మాత్రమే. 'హక్‌స్టర్' అనగా తొలుత చిల్లర వర్తకుడు. పిమ్మట ఆశపోతు బేరగాడని హేళన అయినది. పాలేరు గాని చిల్లర వర్తకుడు గాని చేసిన నేరమేమి? నేరము వారి పనిలో లేదు. చూచినవారి గర్వములో కలదు.

మన దేశమునను ఇట్లే జరిగినది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుని శిలాశాసనములు కలవు. వానిలో 12వ శాసనము, నిష్కారణముగా స్వమతమును పొగడి పరమతమును తెగడరాదనియు, వాక్కును అదుపులో ఉంచవలెననియు బోధించును. అందు 'పాషండ' శబ్దమునకు మతశాఖ అనియే అర్థము, నింద లేదు. కాలక్రమమున అదే మాట వేదబాహ్యులపై, జైనులపై సైతము, దూషణగా మారినది. తిట్టు తిన్నవారికి తిట్టు బరువు తెలియవలె గదా!

ఇచట వర్తకునకొక సందేహము కలుగును. బాకీ ఎగవేసినవానిని మోసగాడనుట సత్యమే గదా, దోషమెట్లగును? బాకీ ఎంతయో, గడువెన్నడు తీరెనో చెప్పుట సత్యము, అడుగుట న్యాయము, మరల అరువు నిరాకరించుట వివేకము. నలుగురిలో వాని పుట్టుకను, పేదరికమును ఎత్తిపొడుచుట లెక్కకు చెందినది కాదు, అది మానకషాయము. పరనింద, ఆత్మప్రశంస నీచగోత్ర కర్మబంధమునకు హేతువులని తత్త్వార్థసూత్రము 6వ అధ్యాయమున చెప్పబడినది. ఇతరుని నీచుడన్నవానికే నీచత్వము చేరునన్నమాట. బాకీ వసూలైనచో పద్దు కొట్టివేయవచ్చును. పలికిన మాటను కొట్టివేయు ఖాతా లేదు. సంవత్సరినాడు 'మిచ్ఛామి దుక్కడం' అని క్షమాపణ వేడవచ్చును. అయినను ముందే ఆగిన నాలుక మేలు.

తృణీకరించుట అనగా గడ్డిపోచగా ఎంచుట. గడ్డిపోచయందును జీవుడు కలడని నమ్మి, పచ్చికపై అడుగిడుటకు జంకెడివారు, తోటి మనుష్యుని గడ్డిపోచగా ఎంచుటెట్లు?