దాచుకొన్న పాటలు ఎవరివి?

ధ్యాన భాగములు: లూకా 15:8–10, యిర్మీయా 36వ అధ్యాయము, ద్వితీయోపదేశకాండము 31:19–22



ఈ మాసము మనము ధ్యానింపబోవు ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును గాని దాని వేళ్లు లోతుగా దిగియున్నవి. ఒకడు తన ఫోనులోని పాటల యాప్‌లో తనకు ఇష్టమైన పాటలను ఏండ్ల తరబడి ఒక్కొక్కటిగా ఏరి దాచుకొనెను. ఒక దినమున తెరచి చూడగా అవి కనబడలేదు. ఆ పాటలు అతనివేనా? అతనివే అయినయెడల అతని అనుమతి లేకుండ ఎట్లు పోయినవి? అతనివి కానియెడల అతడు ఇన్నాళ్లు దాచుకొనినది ఏమి?

ఇది సంఘ పత్రికలో వ్రాయదగిన సంగతియా అని కొందరు తలంచవచ్చును. అయితే నేడు పల్లెలో కీర్తనల పుస్తకము లేని ఇల్లు ఉండవచ్చును గాని ఫోను లేని ఇల్లు అరుదు. మంచముపట్టిన వృద్ధులు తెల్లవారుజామున దానిలోనే కీర్తనలు వినుచున్నారు. పొలమునకు పోవు యౌవనస్థులు దానినే చెవికి తగిలించుకొనుచున్నారు. మన పాట ఎక్కడ భద్రపరచబడుచున్నదో విచారించుట కాపరి పనికి వెలుపలిది కాదు.

మొదట దీపము, చీపురు

పది వెండి నాణెములలో ఒకటి పోగొట్టుకొన్న స్త్రీని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలిసినదే. ఆమె పొరుగువారిని అనుమానింపలేదు, దిగులుపడి కూర్చుండలేదు. వెలుగు తెచ్చుకొనెను, చీపురు పట్టెను, విసుగక మూలమూలలు చూచెను. నాణెము ఇంటిలోనే దొరికెను. పోయినవని మనము అనుకొను పాటలలో అనేకములు అట్టివే.

మొదటి మూల ఖాతా. ఒకే మనిషికి తెలియకుండ రెండు ఖాతాలుండుట సాధారణము: ఒకటి ఈమెయిలుతో తెరచినది, మరియొకటి ఫోను నంబరుతోనో ఫేస్‌బుక్‌తోనో తెరచినది. ఫోను మార్చినప్పుడు యాప్ మరల లోనికి రమ్మని అడుగును. మనము వేరొక ద్వారమున ప్రవేశింతుము. అక్కడ ఖాళీ గది కనబడును. పాటలు పాత గదిలో క్షేమముగా నుండును. గనుక సెట్టింగులలో ఏ పేరున, ఏ ఈమెయిలున లోపల ఉన్నామో మొదట చూడవలెను.

రెండవ మూల డౌన్‌లోడు. పాటను దాచుకొనుట వేరు, డౌన్‌లోడు చేసికొనుట వేరు. దాచుకొనినది కంపెనీవారి కంప్యూటర్లలో మన పేరున వ్రాసియుంచిన జాబితా. డౌన్‌లోడు చేసినది మన ఫోనులో పెట్టబడిన ప్రతి. యాప్‌ను తీసివేసి మరల పెట్టినయెడల ప్రతులు పోవును గాని జాబితా నిలుచును. అందుచేత కంగారుపడి యాప్‌ను తీసివేయుట మొదటి పని కాకూడదు. స్పాటిఫైలో డౌన్‌లోడు చేసిన పాటలు నిలువవలెనన్న 30 దినములకు ఒక్కసారియైనను ఇంటర్నెట్టు తగులవలెను. ఐదు పరికరములకు మించి డౌన్‌లోడు చేసినయెడల, బహుకాలముగా వాడని పరికరములోని ప్రతులు తొలగింపబడును. చందా ముగిసినను అవి పలుకవు.

మూడవ మూల పొరపాటున చెరిపిన జాబితా. స్పాటిఫైలో చెరిపిన జాబితాను 90 దినములలోపల తిరిగి పొందవచ్చును. అయితే యాప్‌లో కాక, బ్రౌజరులో ఖాతా పేజీ తెరచి ఆ పని చేయవలెను. నాలుగవది, బూడిదరంగు పాటలు. ప్రస్తుతము దొరకని పాటలను యాప్ కనబడకుండ చేయవచ్చును. దొరకని పాటలను చూపుమను సెట్టింగు పెట్టినప్పుడు వాటి పేర్లు మసకగా కనబడును. ఏది పోయినదో తెలియుటయు ఒక మేలే.

మన యౌవనస్థులారా, ఈ దీపమును చీపురును పట్టుకొని పెద్దల యొద్ద అరగంట కూర్చుండుట సేవయే. "నీకు తెలియదులే తాతా" అని ఫోను లాగుకొనుట సేవ కాదు.

ఇంటిలో లేని నాణెము

అయితే ఎంత ఊడ్చినను దొరకని పాటలు కలవు. అవి మన ఇంటిలో పోలేదు. పాటల హక్కుదారునికి, యాప్ నడుపువారికి నడుమ ఒప్పందము ఉండును. అది ముగిసినప్పుడు పాట తీసివేయబడును. 2023 మార్చిలో స్పాటిఫైకి, జీ మ్యూజిక్ కంపెనీకి నడుమ ఒప్పందము కుదరనందున అనేకమైన హిందీ చిత్రగీతములు ఆ యాప్‌నుండి మాయమైనవి. 2022 జనవరిలో నీల్ యంగ్ అను గాయకుడు, కోవిడ్ టీకాలను గూర్చి అసత్యములు ప్రచారమగుటకు ఆ యాప్ చోటిచ్చుచున్నదని అభ్యంతరపడి, తన పాటలు తీసివేయించుకొనెను. 2024లో మరల చేర్చెను. కొన్నిసార్లు పాట కాదు, కొట్టే మూతపడును. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూయబడినది; గడువులోపల తమ పాటలను వేరొక చోటికి మార్చుకొననివారి దాపు 2021లో చెరిపివేయబడెను. మైస్పేస్ అను సైటు 2015కు ముందు జనులు ఎక్కించిన సంగీతమంతయు పోయినదని 2019లో ఒప్పుకొనెను. అది పండ్రెండేండ్ల పంట.

ఇక్కడనే న్యాయాన్యాయముల ప్రశ్న పుట్టుచున్నది. "డబ్బు కట్టితిమి గదా, పాట మాది కాదా?" అని అడుగుదురు. మన రైతులు దీనికి సుళువుగా జవాబు చెప్పగలరు. కౌలుకు తీసికొన్న చేనిలో విత్తవచ్చును, కోయవచ్చును, గట్టుమీద కూర్చుండి ఇది నా చేను అనుకొనవచ్చును. పట్టా మాత్రము వేరొకరి పేరున నుండును. నెలచందా కౌలు వంటిది. కౌలు ముగిసినప్పుడు చేను విడువవలసి వచ్చుట అన్యాయము కాదు.

అయితే కౌలుదారునికి తాను కౌలుదారుడనని తెలియును. యాప్‌లోనో "మీ లైబ్రరీ" అని వ్రాసియుండును. కౌలుచేని గట్టుమీద "మీ పొలము" అని పలక పాతినట్లున్నది! 2009 జూలైలో అమెజాన్ కంపెనీ, జార్జ్ ఆర్వెల్ వ్రాసిన రెండు పుస్తకములను, జనులు కొనుక్కొనిన తరువాత, వారి కిండిల్ పరికరములనుండి తీసివేసెను. అమ్మినవారికి హక్కు లేదని తెలిసి అట్లు చేసిరి. సొమ్ము తిరిగి ఇచ్చిరి. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పెను. సొమ్ము తిరిగి వచ్చినను జనులు ఎందుకు నొచ్చుకొనిరి? కొంటిమనుకొన్నది కొనుట కాదని ఆ రాత్రి తెలిసినది గనుక. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక చట్టము చేసెను. 2025 నుండి అక్కడ, దొరకునది లైసెన్సు మాత్రమేయైన డిజిటల్ వస్తువును, ఆ సంగతి స్పష్టముగా తెలుపక "కొనుడి" అని అమ్మకూడదు. మన ప్రభువు కొండమీద అవునును కాదును గూర్చి చెప్పిన మాట వర్తకులకును చెల్లును. మాట చెప్పునంతే వస్తువు ఉండవలెను. అంతకు మించి ఆశపెట్టు మాట అబద్ధమునకు పొరుగున నివసించును.

రెండవ ప్రక్కయు చూడవలెను. పాట కట్టినవాడు, పాడినవాడు, వాయించినవాడు పనివారు. పనివానికి కూలి రావలెనని పౌలు తిమోతికి వ్రాసెను. కూలి కుదరలేదనియో మనస్సాక్షి ఒప్పలేదనియో పాటను వెనుకకు తీసికొనువానిని దొంగ అనుట తగదు. "ఎవరును తీసివేయకుండ ఎక్కడనుండియైన ఊరకే మెమరీ కార్డులో ఎక్కించుకొందుము" అనువారితోను మేము ఏకీభవింపజాలము. పోవునేమో అను భయము పరుల కష్టమును ఎత్తుకొనుటకు హక్కు ఇయ్యదు. నిలుపుకొనగోరువారు అమ్మువారియొద్ద సీడీయో, డౌన్‌లోడు ప్రతియో వెలయిచ్చి కొనుట తిన్నని మార్గము.

పాటేగదా అనకుడి

ఇంతవరకు న్యాయము. న్యాయము తేలిన తరువాతను దుఃఖము మిగులును. మేమెరిగిన యొక తల్లికి భర్త చనిపోయి రెండేండ్లు. ఆయన తనకు ప్రియమైన పాటలను ఫోనులో ఒక జాబితాగా దాచియుండెను. ఏ పాట తరువాత ఏ పాట రావలెనో ఆయనయే ఏర్పరచెను. ఆమెకు అది ఆయన చేతివ్రాత వంటిది. ఫోను పాడై క్రొత్తది వచ్చినప్పుడు జాబితా కనబడలేదు. "పాటలేగదా, మరల వెదకికొనవచ్చును" అని ఇంటివారనిరి. "పాటలు దొరుకునయ్యగారూ, ఆయన పెట్టిన వరుస దొరకదు" అని ఆమె అనెను.

మనుమడు వచ్చి వెదకగా, ఆయన వేరొక ఈమెయిలుతో తెరచిన ఖాతాలో జాబితా ఉండెను. వరుస తిరిగివచ్చెను. కాని నాలుగు పాటలు బూడిదరంగున నుండెను; నొక్కినను పలుకలేదు. అందులో ఒకటి ఆమె పెండ్లినాడు పాడినది. స్త్రీల సమాజములో అడుగగా ఇద్దరికి పల్లవి వచ్చెను. ఒక వృద్ధురాలికి రెండవ చరణము వచ్చెను. మూడవ చరణము ఎవరికిని రాలేదు.

ప్రియులారా, ఆ మూడవ చరణము మమ్మును వెంటాడుచున్నది. అది ఏ కంపెనీ చేతిలోనో పోలేదు. అది మన నోళ్లలోనుండి పోయినది. ఏ ఒప్పందమును ముగియలేదు, ఏ కొట్టును మూతపడలేదు. పాడుట మానితిమి, అంతే.

నోట ఉంచబడిన పాట

యూదా రాజైన యెహోయాకీము శీతకాలపు నగరులో కుంపటి యెదుట కూర్చుండి, యిర్మీయా ప్రవచనముల గ్రంథము చదువబడుచుండగా ముక్కముక్కగా కోసి నిప్పులో వేసెను. ఉన్నది ఆ యొక్క ప్రతియే. అయితే యిర్మీయా నోరు ఉండెను, బారూకు కలము ఉండెను. ఆ మాటలన్నియు మరల వ్రాయబడెను; అట్టివి మరి కొన్నియు చేర్చబడెను. కాగితమును కాల్చగలిగిన రాజు నోటిలోనున్న దానిని కాల్చలేకపోయెను.

మోషే అవసాన కాలమున దేవుడు అతనికి ఇచ్చిన ఆజ్ఞ ఇంకను విశేషమైనది. ఒక పాటను వ్రాయుమనెను. వ్రాసి ఊరకుండక ఇశ్రాయేలీయులకు నేర్పి వారి నోట ఉంచుమనెను. సంతతివారి నోటనుండి అది మరువబడదని చెప్పెను. వ్రాత వద్దనలేదు; వ్రాత చాలుననలేదు. రెండును కావలెను.

నోరు మాత్రము నమ్మదగినదా, మనుష్యులు మరచిపోరా అని ఒకరు అడుగవచ్చును. ఇది మంచి ప్రశ్న. మరచిపోవుదురు. యంత్రము ఒక్క గడియలో పోగొట్టుకొనునది మనిషి మెల్లమెల్లగా పోగొట్టుకొనును. అందుచేతనే దేవుడు ఆ పాటను ఒక్కని జ్ఞాపకమునకు కాక జనాంగమునకు అప్పగించెను. సంఘముగా పాడునప్పుడు ఒకరు మరచిన మాటను ప్రక్కనున్నవారు అందింతురు. పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి 1890లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన కీర్తనలు నేటికిని మన గుడులలో వినబడుచున్నవి. అచ్చుపుస్తకములు వాటిని మోసినవి. చదువురాని మన అవ్వలును మోసిరి. ఒకరు చెప్పగా అందరు పలికి, పలికి, వారి సొంతము చేసికొనిరి. పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో నడిరేయి పాడినప్పుడు, బొండలో కాళ్లు బిగియబడిన వారికి నోటనున్నదే గ్రంథము, దీపము.

కాబట్టి మొదటి ప్రశ్నకు మేము ఇచ్చు జవాబు ఇది. యాప్‌లోని పాట మనకు అద్దెకు వచ్చినది. కొనిన ప్రతి మన ఇంటిది. అదియు చెదకు, తుప్పుకు లోబడినదే. నేర్చుకొని ఇంకొకరికి నేర్పిన పాట మాత్రము, ఇచ్చినకొలది మనదగును. యాప్‌ను విడువుమని మేము చెప్పుట లేదు. మంచముపట్టినవారికి అది దేవుడిచ్చిన మేలు. దానిని కావలివానిగా ఎంచుకొని మన నోరు నిద్రపోకూడదని మాత్రమే మా మనవి.

ఈ మాసము ప్రతి గృహమువారు మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము. ఫోనులో దాచిన పాటల పేర్లను, వరుసను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుడి; ఖాతా ఏ ఈమెయిలుతో తెరచిరో అదియు వ్రాయుడి. కుటుంబ ప్రార్థనలో ఒక కీర్తనను అన్ని చరణములతో కంఠస్థము చేయుడి. ఇంటిలోని పెద్దలను వారి చిన్ననాటి పాట అడిగి, వారు పాడునప్పుడు వ్రాసికొనుడి. ఆ తల్లి పెండ్లిపాటలోని మూడవ చరణము ఏ ఊరిలోనో ఎవరి నోటనో ఇంకను ఉండవచ్చును. అడుగువారు లేక అది మౌనముగా నుండవచ్చును.

మనము మరచినను మరువనివాడైన దేవుడు, మన నోట తన స్తోత్రమును నిలుపును గాక. ఆమెన్.