ఓడై లోతు

చిరంజీవియైన మనుమనికి, కోవిల్‌పట్టి నుండి తాత ఆశీర్వదించి వ్రాయునది.   

నీ ఉత్తరము చేరినది. కన్ను మసకబారుటచేత మొదట మీ అవ్వచేత చదివించుకొని, అది చాలక ప్రొద్దుటి ఎండలో అరుగుమీద కూర్చుండి నేనే మరల చదువుకొంటిని. మన కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతముల కంకర బాటలమీద ఒక క్రొత్త అంతర్జాతీయ కార్ల ర్యాలీ జరుగబోవుచున్నదనియు, అందులో నీవు సారథికి ఎడమప్రక్కన కూర్చుండి దారి చదివి చెప్పు నావిగేటరువుగా పోవుచున్నావనియు, ఈ నేలయంతయు గొలుసుపట్టి కొలిచినవాడను గనుక ఎక్కడెక్కడ మెలకువతో నుండవలెనో చెప్పుమనియు వ్రాసితివి. సంతోషించితిని, భయపడితిని కూడ. ఈ రెండింటిలో దేనిని దాచినను ఈ ఉత్తరము అబద్ధమగును.

నీవు కోయంబత్తూరున పెరిగినవాడవు. ఈ నేల నీకు వేసవి సెలవుల నేల, కడలై మిఠాయి నేల. బ్రతుకుతెరువుగా నీవు దీనిని ఎరుగవు. ఇది నల్లరేగడి, ఇచటివారు కరిసల్ అందురు. వేసవిలో ఈ మన్ను చేయి దూరునంతగా బీటలు వారును. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు వానలు పడగానే ఉబ్బి పొంగి, కాలికంటినది కాలిని విడువక, చక్రమునకంటినది చక్రమును విడువక, నడచువానిని నడువనీయదు. ఏటేట ఉబ్బుచు ముడుచుకొనుచు నుండు నేలమీద పరచిన కంకర పొర స్థిరముగా నెట్లు నిలుచును? నడుమ గట్టిగానే తోచును గాని, అంచులు లోలోపల విడివడి యుండును. మలుపులోపలి అంచును ఒరసికొని పోయినచో ఒకటి రెండు క్షణములు మిగులునని మీ సారథి ఆశపడు తావులలోనే ఈ నేల క్రుంగును. విరుదునగరము వైపు పోవునప్పుడు కొన్నిచోట్ల నల్లనేల పోయి ఎర్రనేల తగులును. అచట రాళ్లు వదులుగా దొరలును, దుమ్ము పైకి లేచి త్వరగా అణగదు. సర్కారు తుమ్మ ముండ్లు రెండు నేలలలోను సమానమే.

మన పూర్వులు తెలుగునాడు విడిచి దక్షిణమునకు వచ్చి, అడవి నరికి ఈ నల్లనేలను దున్నుకొన్న వలసకథను కి. రాజనారాయణన్ గారు తమిళమున ‘గోపల్ల గ్రామం’ అను నవలగా వ్రాసిరి. ఆయన మనకు సమీపముననున్న ఇడైసేవల్ గ్రామమున జన్మించినవారు, ఇంటిభాష తెలుగు. దానికి కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినది. అయితే నాకు ఆ నవలలకంటెను ఆయన కూర్చిన కరిసల్ సీమ పలుకుబడుల నిఘంటువుపై గౌరవము మిక్కుటము. పలుకువాని నోట విననిదే అట్టి మాట నిఘంటువునకెక్కదు. ఊహించి వ్రాసిన మాట మరునాడే ఆ ఊరివాడు కాదనును. నీవు ఈ బాటలను చూచి వ్రాసికొనబోవు నోట్సు పుస్తకము కూడ ఈ నేలకు ఒక చిన్న నిఘంటువే యని నాకు తోచినది. అందుచేత దానిని గూర్చియే ఎక్కువగా వ్రాసెదను.

కారును సిద్ధపరచుట గూర్చి నేను చెప్పదగినది స్వల్పము. క్రింద రాయి తగిలినను ఇంజను చెడకుండ కాపాడు బలమైన రేకు, పల్లములలో నేలను తాకకుండ ఎత్తుచేసిన సస్పెన్షను, ప్రక్కగోడలు దిట్టమైన కంకర టైర్లు, లోపల ఉక్కుపంజరము, మెడను కాచు పట్టీలు, ఇవన్నియు మీ మెకానిక్కులు నాకన్న బాగుగా నెరుగుదురు. మీకు దొరికిన కారు మరియొకరు నడిపి వదలినదని మాత్రము నీవు కొంత దిగులుతో వ్రాసితివి. 1965లో తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని గెలిచిన జోగీందర్ సింగు గారు, తమ్ముడు జస్వంత్ ప్రక్కన కూర్చుండగా, నడిపిన వోల్వో కారు కూడ అంతకు ముందు ఏడు అదే ర్యాలీలో అలసి వచ్చినదే. తరువాత ఆయన 1974లోను 1976లోను మరల గెలిచిరి. కనుక ఆ దిగులు విడువుము.

ఇక నోట్సు. వేగమునకు పోటీపడు బాటభాగమైన స్పెషల్ స్టేజిని పోటీకి ముందు సాధారణముగా రెండు మారులు మాత్రమే, నిర్ణయించిన వేగము మీరక, మామూలు కారులో పోయి చూడనిత్తురని, దానిని రెక్కీ అందురని వ్రాసితివి. మొదటిమారు సారథి చెప్పగా నీవు వ్రాయుదువు. రెండవమారు నీవు చదువగా ఆయన సరిచూచును. మలుపు ఎంత వంకరయో తెలుపుటకు ఒక అంకె, తరువాతి మలుపునకు ఎన్ని మీటర్లో తెలుపుటకు మరియొక అంకె, మిట్ట, పల్లము, ఇరుకు, ఒరయరాని అంచు, ప్రమాదము, వీటికి గుర్తులు. కొందరి పద్ధతిలో 1 అనగా మిక్కిలి వంకర, 6 అనగా దాదాపు తిన్నన; మరికొందరు దీనిని తలక్రిందులుగా వాడుదురట. ఏ పద్ధతియైనను సరే. నన్ను కదిలించినది వేరొకటి. పోటీనాడు మిట్ట కావలి బాట సారథి కంటికి కనపడదు. నీ గొంతు మాత్రమే వినపడును. అతడు తన కన్నులను నీ పుస్తకమున కుదువబెట్టి, కాలిని యాక్సిలరేటరుపై నుంచును. అట్టి పుస్తకమున నీవు చూడని అంకె ఒక్కటి యుండరాదు.

ఈ మాటను నేను ఏ గ్రంథమునుండియు నేర్వలేదు. దీనిని నాకు నేర్పిన సంగతిని ఇంతవరకు నీ తండ్రితో గాని, మీ అవ్వతో గాని చెప్పియుండలేదు. నాకు 24 ఏండ్ల వయస్సున, గొలుసు, కొలబద్ద, ఫీల్డుబుక్కు చేతబట్టి గ్రామపు బాటలను కొలుచు చిన్న ఉద్యోగమున నుంటిని. ఒక వేసవిలో, మూడు ఊళ్లను కలుపు బండిబాటను కొలిచి, ఇచటివారు ఓడై అను వాగులు అడ్డము వచ్చిన ప్రతిచోటను లోతు వ్రాసి పంపవలసిన పని తగిలినది. ఆ లోతును బట్టియే ఎక్కడ రాతి కట్టడము వేయవలెనో, ఎక్కడ ఉత్త కంకర చాలునో పైవారు నిర్ణయింతురు. అయిదు ఓడైలకు దిగి కొలిచితిని. ఆరవ దాని యొద్దకు వచ్చునప్పటికి ప్రొద్దు వాలినది, దాహము తీరలేదు, గొలుసు మోయువాడు తన ఊరికి పోవలెనని తొందరపడుచుండెను. గట్టుమీద నిలిచి చూచితిని. అయిదవ దానివలెనే తోచినది. దాని అంకెనే క్రింద మరల వేసి, చుక్కపెట్టి, పుస్తకము మూసితిని.

ఆ ఓడై అయిదవ దానికంటె రెట్టింపు లోతు. అచట కట్టడము రాలేదు. మరు కార్తికమున, వానలో, రాత్రివేళ ప్రత్తిబోరెములతో వచ్చు బండియొకటి అందులో బోల్తాపడినది. ఒక ఎద్దు చచ్చినది. బండి తోలు ముసలిరైతు కాలువిరిగి, ఆ పిమ్మట బ్రతికినన్నాళ్లు కర్రయూతతో నడచెను. సంతలో ఆయన నాకు చాలమారులు ఎదురుపడెను. ప్రతిమారును నన్నే ముందుగా పలుకరించి క్షేమమడిగెను. తన కాలు నా పుస్తకములోని ఒక అంకెచేత విరిగినదని ఆయన ఎరుగడు. నేను చెప్పలేదు. చెప్పవలసినదనియే నేటికిని అనుకొందును, కాని ఆయన పోయి ఏండ్లు గడచినవి.

అందుచేత, నాయనా, అలసట వచ్చిన తరువాత చూచిన మలుపును మరల చూడుము. మొదటి పది కిలోమీటర్లలో నీ కన్ను మేలుకొని యుండును. దానికి నేను భయపడను. సాయంకాలపు చివరి మలుపే నా భయము. ‘ఇదియు వెనుకటి దానివంటిదే’ యని మనస్సు చెప్పిన క్షణముననే కారును ఆపుమని సారథిని అడుగుము. ఆయన విసుగుకొన్నను అడుగుము. నీకు నిశ్చయము లేనిచోట లేదనియే గుర్తు వేయుము. అట్టి గుర్తును చూచి ఆయన కాలు తీయును, రెండు క్షణములు పోవును, అంతే.

మరియొకటి. నీవు వ్రాసిన సత్యము కూడ మారిపోవును. ముందు పోవు కార్లు వదులు కంకరను ఊడ్చివేయుచు పోవును. మొదటివాడు జారుచు పోగా వెనుకవారికి గట్టినేల దొరకును. అదే స్టేజిని రెండవమారు నడుపునప్పటికి చక్రపుగాడులు లోతై, అడుగునున్న గుండ్లు పైకి తేలియుండును. నిన్న వ్రాసినదానిని నేడు దిద్దుటకు సిగ్గుపడకుము. కణ్మాయి గట్టు మీది బాటలలో ఇది మరింత ముఖ్యము. అవి చెరువునీటిని కాచుటకు వేసిన మట్టికట్టలు, వేగమును ఓర్చుకొనుటకు వేసినవి కావు.

టైమ్ కార్డును గూర్చి నీవు వ్రాసిన నియమము నాకు మిక్కిలి నచ్చినది. అంతర్జాతీయ నిబంధనలలో, వేళను నమోదుచేయు కంట్రోలు వద్దకు ఒక నిమిషము ఆలస్యముగా వచ్చినచో 10 సెకనుల దండన. ఒక నిమిషము ముందుగా వచ్చినచో పూర్తిగా ఒక నిమిషము. తొందరపాటునకు ఆలస్యముకంటె ఆరురెట్లు శిక్ష! స్టేజికిని స్టేజికిని నడుమ మామూలు దారులమీద, లారీలు, బడిపిల్లల సైకిళ్లు, శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారి రద్దీ, వీటి నడుమ పోవు కార్లు ఒకదానినొకటి తరుముకొనకుండ ఈ నియమమును పెట్టినవారు మనుష్యుని స్వభావమును బాగుగా ఎరిగినవారు.

అయితే దానికంటెను గొప్పదిగా నాకు తోచినది ఎర్ర అక్షరముల ఎస్.ఓ.ఎస్. పలక. ప్రమాదము జరిగి వైద్యసహాయము కావలసినవారు ఆ పలకను చూపినచో, వెనుక వచ్చు కారు, అది మొదటిస్థానమున నున్నదైనను, తప్పక ఆగవలెను. గాయములు లేనివారు ఓ.కె. పలకను చూపి, కారుకు వెనుకగా కనీసము 50 మీటర్ల దూరమున ఎర్ర త్రికోణమును నిలుపవలెను. పోటీ పడుటకు వచ్చినవాడు, గెలుపు కనుచూపుమేర నున్నప్పుడు, ఎదిరివాని కొరకు ఆగుటను చట్టముగా వ్రాసికొన్న ఆట ఇది. ఆ పలక ఎక్కడ నున్నదో చీకటిలో, తలక్రిందులుగా వ్రేలాడుచున్నను చేతికందునట్లు అభ్యాసము చేయుము. మీ సారథికి కూడ ఈ మాట ముందే చెప్పి, ఆగుదమని ఇద్దరును ఒప్పుకొని యుండుడు. ఆ క్షణమున ఆలోచించుటకు వ్యవధి యుండదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటె భారముగా నున్న సంగతి. 2019 సెప్టెంబరులో రాజస్థానమున, బార్మేర్ జిల్లాలో, జాతీయ ర్యాలీ జరుగుచుండగా మూసిన బాటలోనికి ఒక మోటారు సైకిలు వచ్చి, కారు తగిలి, ఒకే కుటుంబమువారు ముగ్గురు మరణించిరి. మూసిన బాట యని మనము అనుకొందుము. ఆ ఊరివానికి అది తన పొలమునకు పోవు దారి, తాతనాటినుండి పోవుచున్న దారి. మన ఊళ్లలో మరీ. తై, మాసి అను తమిళ నెలలలో ఈ బాటలే కళ్లములు; మినుములు, కంబులు అను సజ్జలు, జొన్నలు బాటపై పరచి ఆరబెట్టుదురు. అయ్యనారు గుడికి పొంగలి మోసికొని పోవు స్త్రీలు, గొర్రెలమందను తోలుకొని పోవు పిల్లవాడు, వీరికి మీ నోటీసు కాగితము అందినదో లేదో ఎవరు చూచిరి? బాటను మూయుట, మార్షలులను నిలుపుట నిర్వాహకుల విధి. ముందుగా వచ్చి, సున్నా అంకెల కార్లను పంపి దారి ఖాళీగా నున్నదని చూచుటయు వారి విధియే. అది వారు చేయుదురు. కాని తెలుగును తమిళమును రెండును మాటాడగల నోరు నీకున్నది. నీవు రెక్కీకి వచ్చునాడు ప్రతి ఊరి టీకొట్టు వద్ద దిగుము. పెద్దలను అయ్యా యని పలుకరించి, ఏ నాడు ఏ వేళకు కార్లు వచ్చునో, బాట ఎంతసేపు మూసియుండునో, ఎక్కడ నిలిచి చూచిన ప్రమాదము లేదో చెప్పుము. మలుపునకు వెలుపలివైపు నిలువవద్దని పిల్లలకు నేలపై గీతగీసి చూపుము. ధాన్యము ఆరబోసియున్నచో దానిపై ఎక్కక, దిగి అడిగి, చీపురుతో ప్రక్కకు తీయించుకొని పొమ్ము. ఆ బాట వారిది. మీరు ఎరవు తీసికొన్నవారు.

అగ్గిపెట్టెల కార్ఖానాలలో పనిచేయువారు సాయంకాలము అయిదు గంటల తరువాత గుంపులుగా ఇంటికి నడచుదురు. ఆ వేళ స్టేజిల నడుమ దారులలో పోవలసివచ్చినచో నిదానించుము. నెమళ్లు ఉదయమున ఎక్కువ.

నేను భయపడితినని మొదటనే వ్రాసితిని. భయపడుచు కూడ పోవద్దని వ్రాయను. కోయంబత్తూరున కరివర్ధన్ గారు తక్కువ ఖర్చుతో రేసుకార్లు తయారుచేసి ఎందరో యువకులకు చక్రము చేతికిచ్చిరి. 1995లో విమానప్రమాదమున ఆయన పోయినను, చెట్టిపాళెము ట్రాకు నేటికిని ఆయన పేరనే యున్నది. అట్టి ఊరిగాలి పీల్చి పెరిగిన నిన్ను ఇంట కూర్చుండుమనుట న్యాయము కాదు.

రెక్కీకి వచ్చినప్పుడు ఒక పూట మన ఇంట భోజనము చేయవలెను. మీ అవ్వ నీకొరకు కంబు సంకటి వండెదనన్నది. మీ సారథిని కూడ తోడ్కొని రమ్ము. భోజనానంతరము నన్ను మీ కారులో ఎక్కించుకొని, నేను చెప్పిన ఆ ఆరవ ఓడై కడకు తీసికొనిపొమ్ము. అచట ఇప్పుడు సిమెంటు కాజ్‌వే యున్నది, అయినను దిగుడు వాలుగానే యున్నది. అది మీ స్టేజిలో పడునో పడదో నాకు తెలియదు. పడినచో గట్టుమీద కారు ఆపి, నీవు క్రిందికి దిగి చూచి, నీ పుస్తకమున ఆ చోటికి ఏమి వ్రాసితివో నాకు చదివి వినిపింపుము.

ఇట్లు,
నీ మేలుకోరు
తాత