స్మృతికి అందని వేదన

కాలేయమున పుట్టిన చిన్న కంతిని కోసి తీయక, పక్కటెముకల సందున సన్నని సూదిని దూర్చి, వేడిమిచే అచ్చటనే మాడ్చివేయు చికిత్స నేడు వాడుకలో నున్నది. కాలేయపు లోపలి భాగమునకు నొప్పి తెలియుట స్వల్పమే గాని, దానిని కప్పియున్న పొర మిక్కిలి సున్నితము. కంతి ఆ పొరకు సమీపమున నున్నచో బాధ తీవ్రమగును, ఒక్కొక్కప్పుడు కుడి భుజము వరకు ప్రాకును. అయినను ఊపిరి బిగపట్టుమన్నప్పుడు రోగి బిగపట్టవలసియుండును గనుక, పలుచోట్ల అతనిని పూర్తిగా మూర్ఛితుని చేయక, రెండు మూడు మందులను సిరలోనికి ఎక్కించి మెలకువకును నిద్రకును నడుమ నిలుపుదురు.

పాలవలె తెల్లనైన ప్రొపోఫాల్ తెలివిని హరించును గాని నొప్పిని హరింపదు. ఫెంటానిల్ నొప్పి నణచును గాని శ్వాసను మందగింపజేయును. డెక్స్‌మెడిటమిడిన్ పిలిచిన పలుకునంతటి మగత నిచ్చి, ఊపిరిని అంతగా బాధింపక, గుండె వేగమును తగ్గించును. మిడజొలామ్ సంగతి విచిత్రము: రోగి మూల్గవచ్చును, చేయి విదిలింపవచ్చును, బదులైనను చెప్పవచ్చును, పిమ్మట అడిగినచో ఏమియు జరుగలేదనును. ఏ కలయిక మేలైనదో తేల్చుటకు మనము అడుగునది ఆ రోగినే గదా!

జ్ఞాపకము లేనంతమాత్రమున బాధయు లేనట్లేనా? ఇచ్చట దర్శనముల పాత వాద మొకటి తోడ్పడును. గాఢనిద్రనుండి లేచినవాడు సుఖముగా నిద్రించితిననుట స్మరణమే యనియు, అనుభవము లేక స్మరణము పుట్టదు గనుక సుషుప్తియందును సాక్షి కలడనియు అద్వైతుల వాదము. అది అనుమానమే, అనగా గుర్తునుబట్టి ఊహించుటయే గాని స్మరణము కాదని నైయాయికులు. గమనింపదగినదేమనగా, స్మరణమున్నచో అనుభవముండెనని అద్వైతి చెప్పెనే గాని, స్మరణము లేనిచో అనుభవమును లేదని చెప్పలేదు. ఆ రెండవ మాట మన తొందరపాటు.

మూర్ఛను గూర్చి బ్రహ్మసూత్రముల మూడవ అధ్యాయమున ప్రత్యేక విచారణయే కలదు. అది జాగ్రత్తు కాదు, స్వప్నము కాదు, మరణము కాదు, పూర్తిగా సుషుప్తియు కాదు, అర్ధస్థితి యని తీర్మానము. శంకరులు అచ్చటి భాష్యమున మూర్ఛితుడు లేచి చెప్పు మాటపైననే ఆధారపడలేదు. రోకటి దెబ్బవంటి కారణమును, తడబడు శ్వాసను, వణకు దేహమును, భయంకరమైన ముఖమును కూడ చూచి నిర్ణయించిరి. మత్తుమందు వైద్యుడు చేయవలసినదియు సరిగా ఇదియే.

మఱపు నిరర్థకమని నా భావము కాదు. ఈ కంతుల వ్యాధి మరల మరల తలయెత్తునది. మొదటిసారి పడిన భయము జ్ఞాపకమున్నవాడు రెండవసారి ఆ బల్లయెక్కుటకు వెనుదీయును. కాని నొప్పి నణచు మందును ముందు చాలినంత ఇచ్చి, మఱపించు మందును పిదప, చెడిన కాలేయము దానిని మెల్లగా తొలగించును గనుక కొంచెముగా, ఇయ్యవలయును. మూల్గును విన్న నర్సు మాటను రోగి మాట ప్రక్కనే వ్రాసికొనవలయును.